టీవీలో ఆడితేనే దిగినట్టు: కళ్యాణదుర్గం దగ్గర ఒక చిన్న డౌన్‌లోడ్ టూల్ (కేస్ స్టడీ)

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర ఒక ఊళ్లో రైతుల సంఘం ఆఫీసు. వేరుశనగ, చీనీ, టమాటా రైతులకు సాయంత్రం పూట రచ్చకట్ట దగ్గర పంటల వీడియోలు చూపించాలి. చూపించే చోట నెట్ ఉండదు. ఉన్నది ఆఫీసుదే ఒక 32 అంగుళాల పాత ఎల్‌ఈడీ టీవీ, దాని వెనక ఒక యూఎస్‌బీ పోర్టు, 32 జీబీ పెన్‌డ్రైవ్. ఆఫీసులో ఒకే ఒక డెస్క్‌టాప్: 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్, విండోస్ 10. నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాట్, రోజుకు 1.5 జీబీ. నడిపేది ఆఫీసు అసిస్టెంట్. డీటీపీ బాగా వచ్చు, నల్లతెర మీద కమాండ్లు కొట్టడం రాదు, రావాల్సిన అవసరమూ లేదు.

టూల్ కట్టిచ్చే మమ్మల్ని సంఘం అడిగింది ఒక్కటే: లింకు అతికించి బటన్ నొక్కితే టీవీలో ఆడే ఫైలు రావాలి. "టీవీలో ఆడే" అన్న మాట దగ్గరే పని అంతా ఉంది. కంప్యూటర్లో ఫైలు కనబడితే డౌన్‌లోడ్ అయిపోయిందని ప్రోగ్రామర్ అనుకుంటాడు. పదిహేను కిలోమీటర్లు బండి మీద పోయి, టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి, జనం ముందర ఖాళీ తెర చూసినవాడి లెక్క వేరే.

ముందుగా ఒక మాట. కింద వచ్చే ఆప్షన్ల (దించే ప్రోగ్రాంకు ఇచ్చే ఆదేశాల) పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి. ప్రోగ్రాంలో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందు రెండు హైఫన్లు పెట్టి రాయాలి.

హక్కుల లెక్క కోడ్‌కంటే ముందు

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. వీడియోను నలుగురికి చూపించే హక్కు కూడా దాని ప్రకారం తీసినవాళ్లదే. ఇంట్లో చూసుకోవడం, రచ్చకట్ట దగ్గర వందమందికి చూపించడం ఒకటి కావు. పైగా యూట్యూబ్ నిబంధనలు వేరే ఉన్నాయి: సర్వీసే డౌన్‌లోడ్‌కు వీలిచ్చిన చోట తప్ప, లేదా వాళ్ల నుంచీ హక్కుదారుల నుంచీ రాతపూర్వక అనుమతి ఉంటే తప్ప, దించుకోకూడదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (తీసినవాళ్లే ముందుగా అందరికీ ఇచ్చే వాడుక అనుమతి) ఉంటే కాపీరైట్ సంగతి తేలుతుంది గానీ సైటు నిబంధన అలాగే ఉంటుంది. ఈ తేడా చాలామంది పట్టించుకోరు.

అందుకని సంఘంతో కూర్చుని ఒక వరస పెట్టుకోవడమైంది. వీడియో తీసినవాళ్లనే అసలు ఫైలు అడగడం మొదటిది. వ్యవసాయ వీడియోలు తీసేవాళ్లలో ఎక్కువమంది సంతోషంగా పంపుతారు, పైగా ఆ ఫైలు నాణ్యత మేలు. సంఘం సొంత ఛానల్‌లో ఉన్నవాటికి టూల్ అక్కర్లేదు. యూట్యూబ్ స్టూడియోలోనే మన వీడియోను ఎంపీ4గా దించుకోవచ్చు, అప్‌లోడ్ చేసిన అసలు ఫైలే కావాలంటే మన డేటాను దించుకునే గూగుల్ సర్వీసు టేకౌట్ ఉంది. ఇంటర్నెట్ ఆర్కైవ్, వికీమీడియా కామన్స్ లాంటి చోట స్వేచ్ఛా లైసెన్స్‌తో ఉన్నవి, రాసి ఇచ్చిన అనుమతి ఉన్నవి టూల్ దారిన వస్తాయి. డీఆర్‌ఎం తాళం వేసిన ఓటీటీ వీడియోల జోలికి ఈ టూల్ పోదు. లోపల వాడిన ఇంజిన్ (అసలు దించే ప్రోగ్రాం) కూడా వాటిని ముట్టుకోదు.

ఈ నిర్ణయం కిటికీలోనే, అంటే టూల్ తెరిస్తే వచ్చే విండోలోనే కట్టేశాం. లింకు పెట్టెకింద మూడు గుండ్రటి బటన్లు: "మన సొంతం", "అనుమతి ఉంది", "స్వేచ్ఛా లైసెన్స్". వాటిలో ఒకటి నొక్కేదాకా "దించు" బటన్ బూడిద రంగులోనే ఉంటుంది. నొక్కిన వెంటనే తేదీ, లింకు, ఛానల్ పేరు, ఏ రకం అనుమతి అన్నది ఒక సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) రిజిస్టర్లో పడుతుంది. ఆ సీఎస్‌వీని అక్షరాలను బైట్లుగా రాసే మామూలు యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే, డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరవగానే తెలుగంతా చెత్త గుర్తులుగా కనబడుతుంది. టూల్ రాసిన పైథాన్ భాషలో ఎన్‌కోడింగ్ పేరు దగ్గర యూటీఎఫ్-8-సిగ్ అని పెడితే ఫైలు మొదట్లో, పద్ధతి ఏదో చెప్పే బీఓఎం గుర్తు పడుతుంది, ఎక్సెల్ సరిగా చదువుకుంటుంది. మూడక్షరాల మార్పు.

ఇంజిన్ మనది కాదు, కాకూడదు

వీడియో సైట్లు లోపలి పద్ధతి తరచూ మారుస్తుంటాయి. ఆ మార్పుల వెంట పరుగెత్తడం ఒక్క మనిషి పని కాదు. 2006లో రికార్డో గార్సియా మొదలుపెట్టిన యూట్యూబ్-డీఎల్, దాని నుంచి 2021లో చీలి వచ్చిన వైటీ-డీఎల్‌పీ, ఈ రెండింటి వెనక ఎంతోమంది చేతులున్నాయి. ఈ కేసులో ఇంజిన్ వైటీ-డీఎల్‌పీ. బొమ్మనూ శబ్దాన్నీ కలిపేది ఎఫ్ఎఫ్‌ఎంపెగ్. మనం రాసింది వాటి ముందర నిలబడే కిటికీ మాత్రమే, పైథాన్, అందులో కిటికీలు కట్టే టీకింటర్ లైబ్రరీతో సుమారు రెండు వందల వరసలు.

ముందు ఒక బ్యాచ్ ఫైలుతో (విండోస్ కమాండ్లు వరసగా రాసిన ఫైలుతో) సరిపెట్టాలని చూశాం. అది రెండు చోట్ల చతికిలబడింది. యూట్యూబ్ లింకుల్లో ఉండే ఆండ్ గుర్తును (&) బ్యాచ్ ఫైలు "ఇక్కడితో ఒక కమాండ్ అయింది" అని అర్థం చేసుకుంటుంది, లింకు సగానికి తెగిపోతుంది. కోట్స్‌లో పెడితే ఆగుతుంది. ఫైలు పేరు టెంప్లేట్‌లో వచ్చే శాతం గుర్తు బ్యాచ్ ఫైలుకు సొంత గుర్తు, కాబట్టి ప్రతిదాన్నీ రెండుసార్లు రాయాలి. ఇవి తెలిస్తే చిన్నవే, తెలియకపోతే ఒక పూట పోతుంది.

తరవాత చేసింది ఇంకా పెద్ద తప్పు, చాలామంది చేసేదీ అదే. వైటీ-డీఎల్‌పీని పైథాన్ లైబ్రరీగా పిలిచి, మొత్తాన్ని పైఇన్‌స్టాలర్ అనే ప్యాకింగ్ టూల్‌తో ఒకే ఈఎక్స్‌ఈగా (విండోస్‌లో నేరుగా నడిచే ఫైలుగా) మూటగట్టాం. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. కానీ ఆ మూటలో ఇంజిన్ ఆ రోజు వెర్షన్ దగ్గర గడ్డకట్టిపోతుంది. సైటు లోపల ఏదో మారగానే 403 (సైటు నిరాకరించింది అన్న) ఎర్రర్, అంతటితో టూల్ పడక. అప్‌డేట్ చెయ్యాలంటే మళ్లీ మూటగట్టి, ఆ ఊరికి పంపాలి.

కాబట్టి విడదీశాం. డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్, అందులో మన కిటికీ ప్రోగ్రాం వేరు, వైటీ-డీఎల్‌పీ ఈఎక్స్‌ఈ వేరు, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్, ఫైలు లోపల ఏముందో చూసే ఎఫ్ఎఫ్‌ప్రోబ్ ఈఎక్స్‌ఈలు వేరు. 2025 నవంబరు విడుదల నుంచి యూట్యూబ్ పూర్తిగా పనిచెయ్యాలంటే ఒక జావాస్క్రిప్ట్ రన్‌టైమ్ (జావాస్క్రిప్ట్ కోడ్‌ను నడిపే ప్రోగ్రాం) కూడా కావాలి, అలాంటిదైన డీనో ఈఎక్స్‌ఈ తెచ్చి అదే ఫోల్డర్లో పెట్టి, జేఎస్-రన్‌టైమ్స్ ఆప్షన్‌తో దాని దారి చెప్పాలి. మన ప్రోగ్రాం వైటీ-డీఎల్‌పీని బయటి ప్రోగ్రాంలా సబ్‌ప్రాసెస్‌తో పిలుస్తుంది. ఇంజిన్ పాతబడితే "అప్‌డేట్" బటన్ నొక్కితే చాలు, అది ఇంజిన్ సొంత అప్‌డేట్ ఆప్షన్‌నే నడుపుతుంది. అప్‌డేట్‌కు ముందు ఉన్న ఈఎక్స్‌ఈని "పాతది" అన్న ఫోల్డర్లోకి కాపీ చేసి పెట్టాలి. కొత్తది మొండికేస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఈ ఫోల్డర్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉండకూడదు. అక్కడ రాసే అనుమతి ఉండదు, అప్‌డేట్ ప్రతిసారీ విఫలమవుతుంది. ఈఎక్స్‌ఈలు ప్రాజెక్టు సొంత విడుదల పేజీ నుంచే తీసుకోవాలి. పక్కనే ఇచ్చే షా-256 (ఫైలు వేలిముద్ర లాంటి అంకె) జాబితాతో, విండోస్‌లోని సర్ట్‌యుటిల్ కమాండ్ వేసి పోల్చుకుంటే సరి. ఇంకొకటి: పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌లో ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ పేరుతో ఒక ప్యాకేజీ కనబడుతుంది. అది ఈ పనికి కావాల్సిన ప్రోగ్రాం కాదు.

మన కిటికీని కూడా పైఇన్‌స్టాలర్‌లో ఒకే ఫైలుగా కాక ఒక ఫోల్డర్‌గా కట్టాం. ఒకే ఫైలు పద్ధతిలో తెరిచిన ప్రతిసారీ తనను తాను టెంప్ ఫోల్డర్లోకి విప్పుకుంటుంది. పాత హార్డ్ డిస్క్ మీద అది నత్తనడక, యాంటీవైరస్‌లకు అనుమానం కూడా ఎక్కువ. కన్సోల్ లేకుండా కట్టినప్పుడు ప్రింట్ వరసలు రాయడానికి తెర ఉండదు కాబట్టి ప్రామాణిక అవుట్‌పుట్ శూన్యంగా ఉంటుంది. నేరుగా దానిలోకి రాసే కోడ్ మిగిలి ఉంటే, టెస్టు చేసినప్పుడు నడిచినది అక్కడికి పోయాక పడిపోతుంది. అంతా లాగ్ ఫైలుకు మళ్లించాలి.

బొమ్మ లేని సౌండు, సౌండు లేని బొమ్మ

మొదటి వారం ఆఫీసు నుంచి వచ్చిన ఫోన్ ఇది: "అన్నా, సౌండొస్తాంది గానీ బొమ్మ రాలేదు." రెండో వారం తిరగబడింది: "బొమ్మ ఆడ్తాంది, సౌండే లేదు." రెండు లక్షణాలూ ఒకేలా వినబడతాయి, జబ్బులు వేరు.

యూట్యూబ్‌లాంటి సైట్లు 360పీ (బొమ్మ ఎత్తు 360 చుక్కలు) పైన బొమ్మనూ శబ్దాన్నీ రెండు వేరు ఫైళ్లుగా ఇస్తాయి. వాటిని కుదించి రాసే పద్ధతిని కోడెక్ అంటారు. బొమ్మ హెచ్264 కోడెక్‌లో ఉండొచ్చు, వీపీ9లో ఉండొచ్చు, ఏవీ1లో ఉండొచ్చు. శబ్దం ఏఏసీలో గానీ ఓపస్‌లో గానీ ఉంటుంది. ఆప్షన్ ఏమీ ఇవ్వకపోతే ఇంజిన్ అన్నిటికంటే మేలైనదాన్ని ఎంచుతుంది, మేలైనదంటే ఎక్కువసార్లు కొత్త కోడెక్. పాత టీవీలోని చిప్ హెచ్264 దగ్గరే ఆగిపోయింది. వీపీ9 బొమ్మా ఏఏసీ శబ్దమూ ఎంపీ4లో కలిస్తే శబ్దం మాత్రం వస్తుంది, తెర నల్లగా ఉంటుంది. ఇక్కడ ఫైలు పేరు చివర ఎంపీ4 అని ఉండటం ఎవరినైనా మోసం చేస్తుంది. ఎంపీ4 అన్నది సంచి పేరు, లోపల బియ్యమో జొన్నలో సంచి చెప్పదు. పేరు మార్చినా సంచి మార్చినా లోపలి సరుకు మారదు.

రెండోది, సౌండు లేని బొమ్మ, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ దొరకనప్పుడు వస్తుంది. బొమ్మ, శబ్దం విడివిడిగా దించి కలపమని అడిగాక, కలిపే ప్రోగ్రాం లేకపోతే ఇంజిన్ ఒక హెచ్చరిక వరస రాసి రెండు ఫైళ్లనూ అలాగే వదిలేస్తుంది. ఫైలు పేరు మధ్యలో చుక్క, ఎఫ్, ఒక అంకె కనబడితే, ఉదాహరణకు ఎఫ్135 అని, అది సగం ఫైలు. అసిస్టెంట్ పెద్ద ఫైలు చూసి దాన్నే పెన్‌డ్రైవ్‌లో వేశాడు. ఎవరో డెస్క్‌టాప్ శుభ్రం చేస్తూ ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌ను ఇంకో ఫోల్డర్లోకి జరిపారని తరవాత తేలింది. ఇప్పుడు కిటికీ తెరుచుకోగానే నాలుగు ఈఎక్స్‌ఈలూ ఉన్నాయో లేవో చూస్తుంది. ఒకటి తగ్గినా ఏది తగ్గిందో తెలుగులో చెప్పి, "దించు" బటన్ తెరవదు.

కోడెక్ సంగతికి ఫార్మాట్-సార్ట్ ఆప్షన్ వాడాం. వరస ఇలా: ముందు వీడియో కోడెక్ హెచ్264, తరవాత బొమ్మ సైజు (రెజల్యూషన్) 480, తరవాత శబ్దం ఎం4ఏ. ఈ వరసే ముఖ్యం. సైజును ముందు పెడితే, 480లో వీపీ9 ఒక్కటే ఉన్నప్పుడు అదే వచ్చి కూర్చుంటుంది. ఇలా వరస చెప్పడానికి, "480కి మించకూడదు, హెచ్264 కాకపోతే వద్దు" అని గట్టి షరతు పెట్టడానికి తేడా ఉంది. గట్టి షరతు పెడితే దొరకనప్పుడు "అడిగిన ఫార్మాట్ లేదు" అని ఆగిపోతుంది. వరస చెబితే ఉన్నవాటిలో దగ్గరిది ఇస్తుంది. టూల్ వరస చెబుతుంది, దిగాక ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో లోపలి కోడెక్ చూస్తుంది, హెచ్264 కాకపోతే ఎర్ర అక్షరాల్లో "టీవీలో ఆడకపోవచ్చు" అని రాస్తుంది. మళ్లీ ఎన్‌కోడ్ చేసే బటన్ కూడా ఉంది గానీ, ఈ పాత ప్రాసెసర్ మీద అది టీ తాగి వచ్చేంతసేపు కాదు, భోజనం చేసి వచ్చేంతసేపు. ఆఖరి దారిగానే పెట్టాం.

480పీ ఎందుకంటే లెక్క చూడండి. బొమ్మ సెకనుకు 1,000 కిలోబిట్లు అనుకుంటే నిమిషానికి 7.5 ఎంబీ. శబ్దం 128 కిలోబిట్లు, అంటే నిమిషానికి ఎంబీకి కాస్త తక్కువ. కలిపి 8.5 ఎంబీ, ఇరవై నిమిషాల వీడియో 170 ఎంబీ. రోజుకు 1.5 జీబీలో అలాంటివి ఎనిమిది. అదే 1080పీ 4,000 కిలోబిట్లు అనుకుంటే ఇరవై నిమిషాలకే 600 ఎంబీ దాటుతుంది, రోజుకు రెండే. పది అడుగుల దూరంలో కూర్చుని 32 అంగుళాల టీవీలో ఆకుమచ్చ తెగులు చూసే రైతుకు 480 చాలు. చీనీ కాయ మీద మంగు నల్లి లాంటి సన్నటి సంగతులకు మాత్రం 720 అడిగారు, దానికి ఒక టిక్కు పెట్టాం.

కిటికీ లోపలి తిప్పలు

టీకింటర్‌లో ఒకే నియమం గట్టిగా పట్టుకోవాలి. డౌన్‌లోడ్ వేరే థ్రెడ్‌లో (ప్రోగ్రాం లోపల పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకదానిలో) నడవాలి, కిటికీ మీద రాసేది మాత్రం ప్రధాన థ్రెడ్ ఒక్కటే. థ్రెడ్ నుంచి నేరుగా ప్రోగ్రెస్ బార్ కదిపితే పదిసార్లు నడిచి పదకొండోసారి కిటికీ బిగుసుకుంటుంది. థ్రెడ్ తను చదివిన వరసలను క్యూలో వెయ్యాలి, ప్రధాన కిటికీ 200 మిల్లీసెకన్లకోసారి ఆఫ్టర్ ఫంక్షన్‌తో క్యూ ఖాళీ చేసుకోవాలి.

సబ్‌ప్రాసెస్ పిలిచేటప్పుడు, ఇంజిన్ ఎర్రర్లు మనకు చేరవేసే పైపును విడిగా పట్టుకుని చదవకుండా వదిలితే, అది నిండిన క్షణాన ఇంజిన్ రాయలేక ఆగిపోతుంది, 63 శాతం దగ్గర రాయిలా నిలబడుతుంది. నెట్ పోయిందేమో అనుకుంటారు. ఎర్రర్‌ను మామూలు అవుట్‌పుట్‌లోనే కలిపేస్తే పోయె. విండోస్‌లో నల్ల కిటికీ మెరిసి మాయమవకుండా క్రియేట్-నో-విండో జెండా ఇవ్వాలి.

తెలుగు శీర్షిక ఉన్న మొదటి వీడియోకే ఇంకో దెబ్బ. విండోస్ పైథాన్ మామూలుగా పైపును పాత కోడ్ పేజీలో (యూనికోడ్‌కు ముందటి అక్షరాల పట్టికతో) చదువుతుంది, తెలుగు అక్షరం రాగానే డీకోడ్ ఎర్రర్‌తో థ్రెడ్ చచ్చిపోతుంది. డౌన్‌లోడ్ వెనక నడుస్తూనే ఉంటుంది, బార్ మాత్రం సున్నా మీద ఉంటుంది. రెండు వైపులా చెప్పాలి: ఇంజిన్‌కు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఆప్షన్, పైథాన్‌కు పైపు చదివేచోట యూటీఎఫ్-8, చదవలేని బైటు వస్తే గుర్తుతో మార్చుకోమని రీప్లేస్.

ప్రోగ్రెస్ కోసం న్యూలైన్, ప్రోగ్రెస్-టెంప్లేట్ ఆప్షన్లు వాడి, దిగిన బైట్లు, మొత్తం బైట్లు నిలువు గీతతో విడదీసి రప్పించుకోవచ్చు. మొత్తం తెలియనప్పుడు అంకె బదులు ఎన్‌ఏ అని వస్తుంది, దాన్ని అంకెగా మార్చబోతే పడిపోతుంది. అంచనా మొత్తాన్ని ఇచ్చే ఇంకో ఫీల్డు ఉంది, దానికి పోవాలి.

బార్‌తో అసలు ఇబ్బంది వేరే. అది 100కు రెండుసార్లు చేరుతుంది, బొమ్మకొకసారి, శబ్దానికొకసారి. మొదటి 100 చూడగానే అసిస్టెంట్ అయిపోయిందనుకుని కిటికీ మూసేశాడు. తప్పు ఆయనది కాదు. 100 అంటే ఎవరికైనా 100. అందుకని శాతం తీసేసి మూడు గడులు పెట్టాం: బొమ్మ, శబ్దం, కలపడం. మూడూ పచ్చబడి, కింద "పెన్‌డ్రైవ్‌కు కాపీ చెయ్" అన్న బటన్ తెరుచుకుంటేనే పని అయినట్టు.

ఆఖరి ఫైలు ఎక్కడుందో తెలుసుకోవడానికి ప్రింట్ ఆప్షన్‌లో ఆఫ్టర్-మూవ్ దశ అడిగితే పూర్తి దారి ఇస్తుంది. ఇది చేర్చిన రోజే ప్రోగ్రెస్ మొత్తం మాయమైంది. ప్రింట్ ఆప్షన్ వాడితే ఇంజిన్ దానంతట అదే నిశ్శబ్దంలోకి పోతుంది, ప్రోగ్రెస్ ఆప్షన్ విడిగా ఇవ్వాలి. డాక్యుమెంటులో ఒకే వరసలో ఉంటుంది ఈ సంగతి.

"ఆపు" బటన్ గురించి. విండోస్ వైటీ-డీఎల్‌పీ ఈఎక్స్‌ఈ కూడా ఒకే ఫైలుగా కట్టిన మూటే. పైన కనిపించే ప్రాసెస్ విప్పేది మాత్రమే, నిజంగా దించేది దాని బిడ్డ. పైథాన్‌లో టెర్మినేట్ అంటే తల్లి చచ్చి, బిడ్డ దించుతూనే ఉంటుంది, డేటా కరుగుతూనే ఉంటుంది. టాస్క్‌కిల్ కమాండ్‌కు /T, /F జెండాలు రెండూ ఇచ్చి చెట్టు మొత్తం కొట్టేయాలి.

ప్లేలిస్ట్ నుంచి కాపీ చేసిన లింకులో లిస్ట్ అనే తోక ఉంటుంది. నో-ప్లేలిస్ట్ ఆప్షన్ లేకపోతే ఒక వీడియో అడిగితే నలభై వస్తాయి. ఆ రోజు డేటా ఆ గంటలోనే ఖాళీ.

తెలుగు పేర్ల పంచాయితీ

కిటికీలో తెలుగు అక్షరాలకు నిర్మలా యూఐ ఫాంట్ పెట్టాం, విండోస్ 10లో ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. ఇదే కోడ్ లినక్స్‌లో టీకే 8.6 మీద నడిపితే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, అక్కడ వేరే టూల్‌కిట్ చూసుకోవడమే.

ఫైలు పేర్లలో ముందు రిస్ట్రిక్ట్-ఫైల్‌నేమ్స్ ఆప్షన్ పెట్టి చూశాం, సురక్షితం అని. అది ఆంగ్లం కాని అక్షరాలన్నిటినీ అండర్‌స్కోర్ చేస్తుంది. తెలుగు శీర్షిక మొత్తం ఒక గీతగా మిగులుతుంది. అది తీసేసి విండోస్-ఫైల్‌నేమ్స్ వాడితే చాలు, విండోస్ ఒప్పుకోని కోలన్, ప్రశ్నార్థకం లాంటివి మాత్రమే మారుస్తుంది. పేరు పొడవు కూడా కత్తిరించాలి. విండోస్‌లో మామూలుగా మొత్తం దారి 260 అక్షరాలు దాటకూడదు. లినక్స్‌లో ఒక్క పేరు 255 బైట్లు, తెలుగులో ఒక్కో కోడ్ పాయింటుకు (యూనికోడ్‌లో ఒక గుర్తుకు) మూడు బైట్లు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం లోపల ఆరు కోడ్ పాయింట్లు, పద్దెనిమిది బైట్లు. కంటికి చిన్న పేరు, డిస్కుకు పెద్ద పేరు. టెంప్లేట్‌లో శీర్షికను 60 దగ్గర కోసి, పక్కన వీడియో ఐడీ తగిలించాం. కోత ఒక్కోసారి పొల్లు మీద పడి పేరు చివర పొల్లు వేలాడుతుంది. ఆ ఒక్క గుర్తును తీసేసే వరస చేర్చాం.

ఇంత చేసినా టీవీ తెర మీద తెలుగు పేర్లు ఖాళీ డబ్బాలుగా వచ్చాయి, ఆ టీవీలో తెలుగు ఫాంటే లేదు. కంప్యూటర్లో తెలుగు పేరు ఉంచి, పెన్‌డ్రైవ్‌కు కాపీ చేసేటప్పుడు మాత్రం మూడంకెల నంబరు, అసిస్టెంట్ టైప్ చేసిన చిన్న ఇంగ్లిష్ పేరు పెట్టేటట్టు చేశాం. ఇంజిన్‌లో ఆటోనంబర్ ఉంది గానీ ప్రతిసారీ 1 నుంచి మొదలవుతుంది, కాబట్టి నంబరు మన రిజిస్టర్ నుంచి రావాలి. నంబర్లకు ఎదురుగా తెలుగు శీర్షికలు, తీసినవాళ్ల పేర్లు ఉన్న కాగితం ప్రింటవుతుంది. క్రియేటివ్ కామన్స్ వీడియోలకు తీసినవాళ్ల పేరు చెప్పాలి కాబట్టి ఆ కాగితం రెండు పనులకూ సరిపోయింది. తెలుగులో ఏదైనా టైప్ చెయ్యాల్సిన చోట ఇంకో చిక్కు: డీటీపీ అలవాటున్నవాళ్ల చెయ్యి అను స్క్రిప్ట్ మీదికి పోతుంది, ఆ అక్షరాలు యూనికోడ్ కావు, పెట్టెలో రోమన్ చెత్తలా పడతాయి. విండోస్ 10లోనే ఉన్న తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఆన్ చేసి ఇచ్చాం.

కరెంటు, నెట్, పెన్‌డ్రైవ్

నేరుగా పెన్‌డ్రైవ్ మీదికి దించకూడదు. రాసే వేగం తక్కువ, కలిపేటప్పుడు రెట్టింపు చోటు కావాలి, మధ్యలో పీకితే మొత్తం పోతుంది. ముందు డి డ్రైవ్, తరవాత కాపీ, తరవాత ఎజెక్ట్. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లోనే ఉండాలి, పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ చదవకపోవచ్చు. ఒక ఫైలు 4 జీబీ దాటకూడదన్న హద్దు ఉన్నా 480పీలో అంత దూరం పోము.

కరెంటు పోతే సగం ఫైలు పార్ట్ అనే చివరతో మిగిలి ఉంటుంది. అదే లింకు, అదే నాణ్యత, అదే పేరుతో మళ్లీ నొక్కితే ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. నాణ్యత మారిస్తే మొదటికే. కలపడం మధ్యలో పోయినా భయం లేదు, విడి ఫైళ్లు రెండూ ఉంటాయి. పార్ట్ ఫైళ్లను "చెత్త" అనుకుని ఎవరూ తుడిచేయకుండా ఆ ఫోల్డర్ వేరే పెట్టాం.

రాత్రి వదిలేసి పోతే కంప్యూటర్ నిద్రలోకి జారుకుంటుంది. సెట్-థ్రెడ్-ఎగ్జిక్యూషన్-స్టేట్ అనే విండోస్ ఫంక్షన్‌ను పైథాన్‌లోని సీటైప్స్‌తో పిలిచి డౌన్‌లోడ్ ఉన్నంతసేపు మేలుకొని ఉంచాలి, అయ్యాక వదిలెయ్యాలి. దించే వేగం సెకనుకు 400 కిలోబైట్లు దాటకుండా లిమిట్-రేట్ 400K అని పెట్టాం. 170 ఎంబీ ఫైలుకు ఏడు నిమిషాలు, ఆలోపు అదే హాట్‌స్పాట్ మీద ఆఫీసు పనులూ సాగుతాయి.

ఎర్రర్లను తెలుగులోకి దించడం

టూల్‌లో ఎక్కువ మెచ్చుకున్నది ఈ భాగమే, రాసింది యాభై వరసలు కూడా లేదు. ఇంజిన్ ఇచ్చే ఇంగ్లిష్ వరసలో ఒక మాట వెతికి, ఏం చెయ్యాలో తెలుగులో చెబుతుంది.

403 వస్తే "ఇంజిన్ పాతబడింది, అప్‌డేట్ నొక్కండి." దించే లింకులకు గడువు ఉంటుంది, ఆ నెట్ చిరునామాకే కట్టి ఉంటాయి. అందుకని అప్‌డేట్ చేశాక కొత్తగా మొదలుపెట్టాలి, మధ్యలో హాట్‌స్పాట్ ఫోన్ మార్చినా ఇదే ఎర్రర్ రావొచ్చు. 429 (మరీ ఎక్కువసార్లు అడిగారు అన్న ఎర్రర్) గానీ, బాట్ కాదని సైన్ ఇన్ చేసి నిరూపించమన్న వరస గానీ వస్తే "ఈరోజుకు చాలు, రేపు చూడండి." మొబైల్ నెట్‌లో ఒకే బయటి చిరునామా ఎంతోమంది పంచుకుంటారు, మనం ఏమీ చెయ్యకపోయినా ఇది రావొచ్చు. బ్రౌజర్ కుకీలు ఇచ్చి దాటొచ్చని చెప్పేవాళ్లు ఉంటారు. ఆ దారిలో సంఘం గూగుల్ ఖాతాకే ఎసరు రావొచ్చు. టూల్‌లో ఆ ఆప్షన్ పెట్టలేదు.

సర్టిఫికెట్ తప్పు అన్న ఎర్రర్‌కు మొదటి ప్రశ్న: "కింద మూల గడియారంలో తేదీ సరిగా ఉందా?" పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదని కంప్యూటర్ అనుకుంటుంది, ఏ సైటూ తెరుచుకోదు. ఈ ఆఫీసులో సరిగ్గా అదే. సర్టిఫికెట్ తనిఖీ ఆపేసే ఆప్షన్ ఒకటి ఉంది, దాని జోలికి పోకుండా చిన్న బ్యాటరీ మార్చడం మేలు.

ఎర్రరే కాని ఎర్రర్ ఇంకోటి. దించినవి మళ్లీ దించకుండా డౌన్‌లోడ్-ఆర్కైవ్ ఆప్షన్ పెడితే వీడియో ఐడీలు ఒక టెక్స్ట్ ఫైలులో చేరతాయి. చోటు కోసం పాత వీడియో తుడిచేసి, నెల తరవాత మళ్లీ అడిగితే, "ఇది ఇంతకుముందే నమోదైంది" అని ఒక్క వరస రాసి, సున్నా కోడ్‌తో, అంటే విజయవంతంగా, ముగుస్తుంది. ఫైలు మాత్రం ఉండదు. సున్నా వచ్చినా ఫైలు డిస్కు మీద ఉందో లేదో టూల్ చూసుకోవాలి. లేకపోతే ఆర్కైవ్ నుంచి ఆ వరస తీసేసి మళ్లీ అడగాలా అని ఇప్పుడు అసిస్టెంట్‌నే అడుగుతుంది.

అప్పగించినప్పుడు

డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్, దాని మొత్తం కాపీ ఇంకో పెన్‌డ్రైవ్‌లో, డెస్క్‌టాప్ మీద ఒకే షార్ట్‌కట్. ఇన్‌స్టాల్ అన్నదే లేదు, ఫోల్డర్ కాపీ చేస్తే ఇంకో సిస్టంలో నడుస్తుంది. గోడకు అంటించిన కాగితం మీద మూడే వరసలు: సోమవారం అప్‌డేట్ నొక్కాలి, మూడు గడులూ పచ్చబడ్డాకే కాపీ, బండి ఎక్కే ముందు ప్రతి ఫైలూ ఆఫీసు టీవీలో పది సెకన్లు ఆడించి చూడాలి.

మిగిలిపోయిన లోపం ఒకటుంది. 720 టిక్కు పెట్టినప్పుడు కొన్ని వీడియోలు సెకనుకు 60 ఫ్రేములతో వస్తున్నాయి, హెచ్264 అయినా ఆ టీవీలో తడబడుతున్నాయి. వరసలో ఎఫ్‌పీఎస్ 30 అని ఇంకో మాట చేర్చడమే మందు. తరవాతి వెర్షన్‌లో పోతుంది.